కాలి ఎముకలో ఏబీసీ సిస్ట్: గోకి తీయించాలా, ఇంజెక్షన్లా, ఎముక ముక్కే తీసెయ్యాలా?

రిపోర్ట్‌లో ఎనూరిస్మల్ బోన్ సిస్ట్ (పొట్టిగా ఏబీసీ) అని ఉంటుంది, పక్కనే బినైన్, అంటే క్యాన్సర్ కాదు అని, దాని పక్కనే అగ్రెసివ్ అని కూడా ఉంటుంది, చదివిన వాళ్ళకి భయపడాలో ఊపిరి పీల్చుకోవాలో అర్థం కాదు. ఒక డాక్టరు గారు ఆపరేషన్ చేసి గోకి తీసేద్దాం అంటారు, ఇంకొకరు ఇంజెక్షన్లతో పోయేదానికి కోత ఎందుకు అంటారు, మూడో చోటికెళ్తే ముందు రక్తం సరఫరా ఆపేసి తర్వాత చూద్దాం అంటారు. ముగ్గురిలో ఎవరో ఒకరు తప్పు చెప్తున్నారేమో అని ఇంట్లో వాళ్ళు కంగారు పడిపోతారు గానీ చాలాసార్లు ముగ్గురూ కరెక్టే, ఈ జబ్బుకి అందరికీ సరిపోయే ఒకే ట్రీట్‌మెంట్ లేదు కాబట్టి ఎవరికి ఏది బాగా చేతనవునో, ఏది అలవాటో దాన్ని ముందు చెప్తారు.

నా అభిప్రాయం మొదట్లోనే చెప్పేస్తా. పద్ధతుల పేర్లు పట్టుకుని ఏది గొప్ప అని పోల్చుకుంటూ కూర్చుంటే తేలదు. బయాప్సీలో ఇది నిజంగా ఏబీసీయే అని తేలిందా, సిస్ట్‌కీ గ్రోత్ ప్లేట్‌కీ (పిల్లల్లో ఎముక పొడవు పెరిగే పొర) మధ్య ఎంత దూరం ఉంది, కాలు మీద బరువు మోపితే తట్టుకునే బలం ఆ ఎముకలో మిగిలిందా, ఈ మూడు ప్రశ్నలకి జవాబు వస్తే ట్రీట్‌మెంట్ సగం తేలిపోయినట్టే. మిగతా సగానికి నేను పెట్టుకునే రూల్ ఏంటంటే, చిన్న పనితో పోయే అవకాశం ఉన్నప్పుడు, చేశాక వెనక్కి తీసుకోలేని పెద్ద పని మొదటే చేయించుకోకూడదు.

అసలు ఇది ఏం చేస్తుంది

ఎముక లోపల రక్తంతో నిండిన గదులు, తేనెపట్టు లాగా ఒకదాని పక్కన ఒకటి తయారవుతాయి, మధ్యలో సన్నటి గోడలు ఉంటాయి. క్యాన్సర్ లాగా ఒంట్లో వేరే చోట్లకి పాకే జబ్బు కాదు, కానీ ఉన్న చోట ఎముకని తినేస్తూ బెలూన్ ఊదినట్టు ఉబ్బుకుంటూ పోతుంది. 1942లో జాఫీ, లిక్టెన్‌స్టైన్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని విడి జబ్బుగా గుర్తించి పేరు పెట్టారు. చాలా ఏళ్ళు ఇది ఎముకలో రక్తప్రవాహం తేడా వల్ల వస్తుందనే అనుకున్నారు, తర్వాత చూస్తే 17వ క్రోమోజోమ్ మీద ఉన్న యూఎస్‌పీ6 అనే జీన్ తారుమారవ్వడం వల్ల గోడల్లోని కణాలే పెరుగుతున్నాయని బయటపడింది, దేని వెంటా రాకుండా సొంతంగా వచ్చే ఏబీసీల్లో సుమారు 70 శాతంలో ఈ మార్పు కనిపిస్తుంది.

ఈ జీన్ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, సిస్ట్ అనగానే మనం నీటి తిత్తి లాంటిది, సూది పెట్టి లాగేస్తే పోతుంది అనుకుంటాం కదా, ఇక్కడ రక్తం లాగేస్తే మళ్ళీ నిండిపోతుంది. జబ్బంతా గోడలో ఉంది. కాబట్టి కింద చెప్పే ప్రతి పద్ధతినీ ఒకే ప్రశ్నతో చూడండి: ఇది గోడలో ఉన్న కణాల్ని ఎంత బాగా చంపుతుంది, ఆ చంపే పనిలో పక్కనున్న మంచి ఎముకకీ, నరానికీ, కీలుకీ ఎంత నష్టం చేస్తుంది.

ఎక్కువగా వచ్చేది 20 ఏళ్ళ లోపు వాళ్ళకి. కాలిలో అయితే మోకాలి చుట్టుపక్కల, అంటే తొడ ఎముక కింది కొస దగ్గర, మోకాలి కింద పెద్ద ఎముక పై కొస దగ్గర, ఇంకా తుంటి దగ్గర తొడ ఎముక మెడలో, ఫిబులా అనే పక్క సన్న ఎముకలో. నొప్పి, వాపు, కుంటడం, కొంతమందికి చిన్న దెబ్బకే ఎముక విరిగి ఎక్స్‌రే తీస్తే అప్పుడే బయటపడటం. అగ్రెసివ్ అనే మాట ఎక్స్‌రేలో పై పెంకు పల్చబడి లేదా చిల్లు పడి బయటి కండ వైపు తోసుకొచ్చిన వాటికి వాడతారు, డాక్టర్లు దీన్నే స్టేజ్ 3 అంటారు. క్యాన్సర్ స్టేజ్ 3 అనుకుని హడలిపోకండి, ఆ లెక్క వేరు ఈ లెక్క వేరు.

ట్రీట్‌మెంట్ కంటే ముందు బయాప్సీ, ఇక్కడ తొందర పడొద్దు

ఈ పోస్ట్‌లో ఒక్క పేరా మాత్రమే చదువుతానంటే ఇది చదవండి. ఎమ్మారైలో ఏబీసీకి ఒక గుర్తు ఉంటుంది, ఒక్కో గదిలో రక్తం తేరుకుని పైన పల్చగా కింద చిక్కగా రెండు మట్టాలుగా కనిపిస్తుంది, ఫ్లూయిడ్ లెవెల్స్ అంటారు. ఇది కనపడగానే ఏబీసీ అని రాసేస్తారు. కానీ టెలాంజియెక్టాటిక్ ఆస్టియోసార్కోమా అనే అసలు సిసలు క్యాన్సర్ కూడా ఎమ్మారైలో దాదాపు ఇలాగే కనిపించగలదు, దానికి కీమో కావాలి, ఆపరేషన్ పూర్తిగా వేరు. జెయింట్ సెల్ ట్యూమర్, కాండ్రోబ్లాస్టోమా లాంటి వేరే గడ్డల లోపల కూడా ఏబీసీ మార్పులు వస్తాయి, అలాంటప్పుడు ట్రీట్‌మెంట్ లోపలున్న ఆ అసలు గడ్డకి చెయ్యాలి. అందుకే గోడలో ఉన్న గట్టి ముక్కలు సరిపడా తీసి బయాప్సీ చెయ్యాలి, ఒట్టి రక్తం లాగి పంపిస్తే రిపోర్ట్‌లో రక్తం తప్ప ఏమీ ఉండదు. అనుమానం మిగిలితే యూఎస్‌పీ6 టెస్ట్ అడగొచ్చు, పాజిటివ్ వస్తే చాలా భరోసా, నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఏబీసీ కాదని మాత్రం కాదు.

బయాప్సీ ఎవరు చేస్తారన్నది కూడా ముఖ్యమే. తర్వాత ఆపరేషన్ చెయ్యబోయే టీమే, ఎముక గడ్డలు రెగ్యులర్‌గా చూసే ఆర్థో ఆంకాలజీ వాళ్ళే చేస్తే మంచిది, సూది ఏ దారిలో వెళ్ళిందో ఆ దారి కూడా రేపు లెక్కలోకి వస్తుంది. ఇక సిస్ట్ ఉన్న చోట ఎముక విరిగి ఎమర్జెన్సీలో చేరితే మామూలు ఫ్రాక్చర్ లాగా వెంటనే రాడ్ వేయించేసుకోకండి. ఒకవేళ లోపల ఉన్నది సార్కోమా, అంటే ఎముక క్యాన్సర్ అయితే ఆ రాడ్ దాన్ని ఎముక పొడుగునా పులిమేస్తుంది, కాలు కాపాడుకునే ఛాన్స్ అక్కడే తగ్గిపోతుంది. కట్టు లేదా స్ప్లింట్ వేసి కదలకుండా ఉంచి, స్కాన్, బయాప్సీ అయ్యాక రాడ్ సంగతి చూసుకోవచ్చు, ఆ కొద్ది రోజుల ఆలస్యం వల్ల పోయేదేం లేదు.

సింపుల్ బోన్ సిస్ట్ అని ఇంకోటుంది, చాలామంది రెండింటినీ కలిపేస్తారు. అందులో పల్చటి పసుపు నీరు ఉంటుంది, ఎముక మధ్యలో నెమ్మదిగా ఉంటుంది, అంతగా ఉబ్బదు, దానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వాడతారు, పిల్లలు పెద్దయ్యే కొద్దీ చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. తెలిసినవాళ్ళ అబ్బాయికి ఏ ట్రీట్‌మెంట్ లేకుండానే తగ్గింది అని ఎవరైనా చెప్తే అది ఇదే అయ్యుంటుంది చాలాసార్లు. ఏబీసీని అలా ఊరికే వదిలేసి కూర్చోవడం, ముఖ్యంగా పెరుగుతున్న దాన్ని, నేనైతే ఒప్పుకోను.

క్యూరెటాజ్, అంటే తెరిచి గోకి తీసెయ్యడం

ఎక్కువ చోట్ల మొదట చెప్పేది ఇదే. ఎముకకి ఒక కిటికీ లాగా పెద్దగా తెరిచి లోపల గోడలన్నీ గోకేసి, ఆ ఖాళీని ఏదో ఒకదాంతో నింపుతారు. మేలు ఏంటంటే ఒకే సిట్టింగ్‌లో గడ్డ మొత్తం బయటికి వస్తుంది, మొత్తం ముక్క బయాప్సీకి వెళ్తుంది, ఎముక బలహీనంగా ఉంటే అదే టైంలో ప్లేటో రాడ్డో వేసేయొచ్చు. కీడు, మళ్ళీ రావడం. ఒట్టిగా గోకి గ్రాఫ్ట్ (ఖాళీలో నింపే ఎముక) పెట్టి వదిలేస్తే మళ్ళీ వచ్చిన రేటు ఒక్కో సెంటర్‌లో ఒక్కోలా ఉంది, నలుగురైదుగురిలో ఒకరికి అనేది తరచూ కనిపించే లెక్క, కొన్ని చోట్ల అంతకంటే చాలా ఎక్కువ కూడా. చిన్న పిల్లల్లో, గ్రోత్ ప్లేట్‌కి ఆనుకున్న వాటిలో ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే అక్కడ డాక్టరు గారు గట్టిగా గోకలేరు.

అందుకే గోకడంతో ఆగకుండా ఇంకో మెట్టు చేస్తారు. హైస్పీడ్ బర్ అని డెంటిస్టు డ్రిల్ లాంటి మెషీన్‌తో లోపల గోడని ఇంకొన్ని మిల్లీమీటర్లు అరగదీస్తారు. నా దృష్టిలో ఆపరేషన్ ఎంచుకుంటే ఇది తప్పకుండా ఉండాలి, బర్ వాడతారా అని అడగడానికి మొహమాట పడొద్దు. ఆ పైన ఫినాల్ రాయడం, ఆర్గాన్ బీమ్‌తో కాల్చడం, మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్ పోసి గడ్డ కట్టించడం లాంటివి ఉన్నాయి. నైట్రోజన్ లోతుగా చంపుతుంది, ఆ లోతే దాని ఇబ్బంది కూడా, చుట్టూ ఉన్న మంచి ఎముక కూడా కొన్నాళ్ళు పెళుసుగా అయిపోయి విరిగే ప్రమాదం ఉంది, దగ్గర్లో నరం గానీ చర్మం గానీ ఉంటే దెబ్బ తినొచ్చు. పెద్దవాళ్ళ తొడ ఎముక మధ్యలో అయితే పర్లేదు గానీ పిల్లాడి గ్రోత్ ప్లేట్ పక్కన లిక్విడ్ నైట్రోజన్ అంటే మాత్రం రెండో ఒపీనియన్ తీసుకోమంటాను. ఫినాల్ వల్ల అదనంగా ఎంత లాభం అనేదాని మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు, బర్ బాగా చేస్తే ఫినాల్ లేకపోయినా పెద్ద లోటు కాదనే వాళ్ళు ఉన్నారు, నాకూ అదే సబబుగా అనిపిస్తుంది.

నింపేది ఏంటి అనేదాని గురించి జనం ఎక్కువ మథనపడతారు. సొంత తుంటి ఎముక నుంచి తీసిన గ్రాఫ్ట్, బోన్ బ్యాంక్ నుంచి తెచ్చిన దాత ఎముక, కాల్షియం ఫాస్ఫేట్ లాంటి తయారు చేసిన గ్రాఫ్ట్, లేదా బోన్ సిమెంట్. మళ్ళీ రావడం అనేది ఎంత శుభ్రంగా గోకారు అన్నదాని మీద ఆధారపడుతుంది గానీ ఏ గ్రాఫ్ట్ పెట్టారు అన్నదాని మీద పెద్దగా కాదు. తుంటి నుంచి తీస్తే అక్కడ ఇంకో కోత, కొన్ని వారాలు అక్కడా నొప్పి, చిన్న పిల్లల్లో అంత ఎముక దొరకదు కూడా. సిమెంట్ సంగతి వేరు, అది వెంటనే గట్టిపడుతుంది కాబట్టి తొందరగా కాలు మోపొచ్చు, ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది కాబట్టి దాని అంచున మళ్ళీ నల్లటి గీత మొదలైతే త్వరగా పట్టుకోవచ్చు. ఎదుగుదల ఆగిపోయిన పెద్దవాళ్ళకి మోకాలి దగ్గర పెద్ద గుంత పడితే సిమెంట్ మంచి ఎంపిక. ఎదిగే పిల్లలకి మాత్రం జీవితాంతం సిమెంట్ ముద్ద లోపల మోయించడం కంటే సొంత ఎముక నిండే దారే మంచిది. చిన్న గుంత అయితే ఏమీ నింపకుండా వదిలేసినా పిల్లల్లో ఎముక దానంతటదే నిండుతుంది, డాక్టరు గారు ఏమీ పెట్టలేదు అంటే కంగారు పడక్కర్లేదు.

ఇంజెక్షన్లు, అంటే స్క్లెరోథెరపీ

ఆపరేషన్ తప్ప దారి లేదనుకునే వాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తా. స్కానింగ్ చూస్తూ సూదితో సిస్ట్ లోపలికి ఒక మందు ఎక్కిస్తారు, అది గదుల లోపలి పొరని కాల్చినట్టు చేసి మూసుకుపోయేలా చేస్తుంది, తర్వాత నెలల్లో ఆ చోట ఎముక ఏర్పడుతుంది. ఎక్కువగా వాడే మందులు రెండు, పాలిడోకనాల్, డాక్సీసైక్లిన్. మొదటిది కాళ్ళలో ఉబ్బిన సిరలకి వాడేదే, రెండోది మామూలు యాంటీబయాటిక్కే గానీ ఇలా లోపలికి నేరుగా ఇస్తే గోడలోని కణాల మీద పనిచేస్తుంది. ఇదివరకు ఎథిబ్లాక్ అని ఒకటి వాడేవాళ్ళు, దానివల్ల తీవ్రమైన కాంప్లికేషన్లు వచ్చాయి, ఇప్పుడు ఎవరూ దాని జోలికి పెద్దగా పోవట్లేదు.

ఫలితాలు చూస్తే చిన్నచూపు చూడాల్సిన పద్ధతి కాదు. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు పాలిడోకనాల్ మీద 72 మంది పేషెంట్ల అనుభవాన్ని 2006లో ప్రచురించారు, ఆ తర్వాత 2010లో ఇంజెక్షన్‌నీ ఆపరేషన్‌నీ చీటీ వేసినట్టు పంచి పోల్చిన ట్రయల్ కూడా వాళ్ళదే వచ్చింది, మానడంలో ఇంజెక్షన్ ఆపరేషన్ కంటే ఏమీ తీసిపోలేదు, కాంప్లికేషన్లు తక్కువ. ఇంత అరుదైన జబ్బుకి అలాంటి ట్రయల్ ఉండటమే గొప్ప, అందుకే దాన్ని నేను బరువుగా తీసుకుంటాను.

మరి ఇంత బాగుంటే అందరూ ఇదే ఎందుకు చెయ్యరు అంటే, మొదటి కారణం ఓపిక. ఒక్క ఇంజెక్షన్‌తో పోయేవాళ్ళు తక్కువ, చాలామందికి మూడు నాలుగు సిట్టింగులు, మధ్యలో వారాలు నెలలు ఆగి ఎక్స్‌రే చూసి మళ్ళీ ఇవ్వాలి, పిల్లలకి ప్రతిసారీ మత్తు ఇవ్వాల్సిందే ఎందుకంటే మందు ఎక్కేటప్పుడు బాగా నొప్పి. రెండో కారణం బలం. ఇంజెక్షన్ గోడని చంపుతుంది గానీ ఆ రోజే ఎముకకి బలం ఇవ్వదు, మానే ఈ నెలలన్నీ ఎముక గుల్లగానే ఉంటుంది, చేతిలో అయితే పట్టీ వేసి గడిపేయొచ్చు, కాలి మీద నిలబడాలి కదా. తుంటి దగ్గర తొడ ఎముక మెడలో సగానికి పైగా తినేసిన సిస్ట్‌కి ఒట్టి ఇంజెక్షన్లు ఇచ్చి నడవమనడం ప్రమాదం, అక్కడ విరిగితే తుంటి బంతికి రక్తం అందక అది చచ్చిపోయే అవకాశం ఉంది. మూడోది, మందు సిస్ట్ నుంచి బయటి సిరల్లోకి జారిపోతే ప్రమాదం, అందుకే ముందు కాంట్రాస్ట్, అంటే స్కాన్‌లో కనిపించే మందు ఎక్కించి ఎటు పోతుందో చూస్తారు, చర్మానికి దగ్గరగా ఉన్న చోట మందు లీకైతే పుండు పడొచ్చు. ఆల్కహాల్ ఇంజెక్షన్ అంటే నేను ఇంకా జాగ్రత్తగా ఉంటా, నరాల మీద దాని దెబ్బ గట్టిగా ఉంటుంది.

ఇంజెక్షన్ పక్కాగా నెగ్గే చోటు ఏదంటే, గ్రోత్ ప్లేట్‌ని ఆనుకుని ఉన్న పిల్లల సిస్ట్. అక్కడ బర్ పెట్టి గోకితే ప్లేట్ దెబ్బతిని ఆ కాలు పొట్టిగా అవ్వొచ్చు, వంకర తిరగొచ్చు, ఎదుగుదల ఇంకా ఎన్ని ఏళ్ళు మిగిలి ఉంటే నష్టం అంత ఎక్కువ. నొప్పి తగ్గడం సాధారణంగా ఎక్స్‌రేలో మార్పు కంటే ముందే కనిపిస్తుంది, అది మంచి గుర్తే గానీ నొప్పి పోయింది కదా అని సిట్టింగులు మధ్యలో మానేసి ఆటలకి పంపేస్తే మాత్రం మొత్తం మొదటికొస్తుంది.

ఈ రెండింటికీ మధ్యలో ఒకటుంది, క్యూరాప్సీ అంటారు, బయాప్సీ చేసేటప్పుడే అదే చిన్న రంధ్రం గుండా లోపలి పొరని నాలుగు వైపులా గోకి ముక్కలు తీస్తారు, అంతే. ఇంగ్లండ్ నుంచి 2014లో వచ్చిన రిపోర్ట్‌లో అలా చేసిన వాళ్ళలో 5గురిలో 4గురికి దగ్గర్లో ఇంకేమీ చెయ్యకుండానే మానింది. బయాప్సీ ఎలాగూ తప్పదు కాబట్టి అదే దెబ్బకి ట్రీట్‌మెంట్ అవకాశం కూడా దొరుకుతుందంటే వదులుకోవడం ఎందుకు, ఎముక బలంగా ఉన్న వాళ్ళకి ఇది మొదటి మెట్టుగా నాకు చాలా నచ్చింది. మీ డాక్టరు గారితో బయాప్సీకి ముందే ఈ మాట ఎత్తండి, అయిపోయాక ఎత్తి లాభం లేదు.

ఎంబొలైజేషన్, డెనోసుమాబ్, రేడియేషన్

ఎంబొలైజేషన్ అంటే తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్న ట్యూబు పంపి సిస్ట్‌కి రక్తం ఇచ్చే నాళాల్ని మూసెయ్యడం. వెన్నెముక, కటి ఎముక లాంటి కష్టమైన చోట్ల ఇదే అసలు ట్రీట్‌మెంట్‌గా కూడా వాడతారు, కాలిలో అయితే ఎక్కువగా పెద్ద ఆపరేషన్‌కి ఒకటి రెండు రోజుల ముందు రక్తం తక్కువ పోవడానికి చేస్తారు. మోకాలి పైన తొడలో అయితే టోర్నికే కట్టి రక్తం ఆపడం ప్రతిసారీ కుదరదు, అక్కడ పెద్ద సిస్ట్ ఉంటే ఇది అడగాల్సిన విషయమే.

డెనోసుమాబ్ ఇంజెక్షన్ జెయింట్ సెల్ ట్యూమర్‌కి వాడే మందు, ఏబీసీకి కూడా పనిచేస్తుందని చూశారు, కానీ పిల్లల్లో మందు ఆపేశాక కొన్ని నెలలకి రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పెరిగిపోయి హాస్పిటల్‌లో చేరాల్సి వచ్చిన కేసులు ఉన్నాయి, ఆపాక సిస్ట్ మళ్ళీ లేచిన కేసులూ ఉన్నాయి. కాలిలో ఆపరేషన్‌తోనో ఇంజెక్షన్‌తోనో అందే సిస్ట్‌కి దీన్ని మొదట వాడటం అనవసరం. ఇంకేదీ కుదరక వాడాల్సి వస్తే మొదలుపెట్టే ముందు పళ్ళు చూపించుకోవాలి, ఆపాక కూడా నెలల తరబడి కాల్షియం టెస్టులు చేయించాలి.

రేడియేషన్ గురించి ఒక్క మాట చాలు, పెరిగే వయసులో క్యాన్సర్ కాని గడ్డకి రేడియేషన్ ఇస్తే ఏళ్ళ తర్వాత అదే చోట సార్కోమా వచ్చే ప్రమాదం ఉంది, గ్రోత్ ప్లేట్ కూడా దెబ్బతింటుంది. కాలికి వద్దు.

ఎముక ముక్కే తీసెయ్యడం

సిస్ట్ ఉన్న ముక్క మొత్తం కోసి తీసేస్తే మళ్ళీ రావడం దాదాపు ఉండదు, ఈ మాట విని చాలామంది ఒకేసారి పీడ పోతుంది కదా అని మొగ్గుతారు. కానీ తొడ ఎముక లాంటి బరువు మోసే ఎముకలో ముక్క తీసేస్తే ఆ ఖాళీని దాత ఎముకతోనో, ఫిబులా తెచ్చి పెట్టో, మెటల్‌తోనో నింపాలి, ఇన్ఫెక్షన్లు, అతుక్కోకపోవడం, మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు, ఇదంతా క్యాన్సర్ కాని గడ్డ కోసం. మళ్ళీ వచ్చినా మళ్ళీ గోకొచ్చు, ఇంకో ఇంజెక్షన్ ఇవ్వొచ్చు, తీసేసిన కీలుని మాత్రం తిరిగి తేలేం.

ఒక్క చోట మాత్రం ఇదే మంచిది అనొచ్చు, ఫిబులా పై భాగం. ఆ ఎముక లేకపోయినా నడకకి పెద్ద ఇబ్బంది ఉండదు కాబట్టి సిస్ట్ పెద్దదైతే ముక్క తీసెయ్యడం న్యాయమే. జాగ్రత్త పడాల్సింది ఏంటంటే పాదాన్ని పైకి లేపే నరం సరిగ్గా అక్కడే ఎముక మెడ చుట్టూ తిరుగుతుంది, అది దెబ్బతింటే పాదం వేలాడిపోతుంది, మోకాలి బయటి వైపు లిగమెంట్ కూడా అక్కడే అతుక్కుని ఉంటుంది, దాన్ని తిరిగి కుట్టాలి. ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేశారో అడగండి, ఇబ్బంది పడకుండా అడగండి. అదే ఫిబులా కింది కొస అయితే లెక్క పూర్తిగా తారుమారు, అది చీలమండకి గోడ లాంటిది, తీసేస్తే పాదం పక్కకి ఒరిగిపోతుంది, అక్కడ గోకడమో ఇంజెక్షనో చూసుకోవాలి.

మరి ఎవరికి ఏది

ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్ల, తొడ ఎముక కింది కొసలో గ్రోత్ ప్లేట్‌కి ఆనుకున్న సిస్ట్, పెంకు పల్చగా ఉన్నా విరగలేదు: నేనైతే బయాప్సీతో పాటు క్యూరాప్సీ, తర్వాత అవసరమైతే ఇంజెక్షన్లు, ఆ టైంలో చేతికర్రల సాయంతో నడక. అదే పిల్లకి ప్లేట్ నుంచి సిస్ట్ బాగా దూరంగా జరిగిపోయి ఉండి కుటుంబం పదేపదే మత్తు ఇప్పించడానికి ఇష్టపడకపోతే బర్‌తో క్యూరెటాజ్ చేయించుకోవడం కూడా అంతే మంచి నిర్ణయం.

పాతికేళ్ళ మనిషి, మోకాలి కింద ఎముకలో కీలుకి దగ్గరగా పెద్ద సిస్ట్: ముందు జెయింట్ సెల్ ట్యూమర్ కాదని తేల్చుకోవాలి, ఈ వయసులో ఈ చోట అదే ఎక్కువ అనుమానం. తర్వాత బర్‌తో గోకి సిమెంట్, అవసరమైతే ప్లేట్. పనికి త్వరగా వెళ్ళగలగడం కూడా ఇక్కడ లెక్కలోకి తీసుకోవాల్సిన విషయమే.

తుంటి దగ్గర తొడ ఎముక మెడ: వయసు ఎంతైనా సరే బలమే మొదటి మాట. క్యూరెటాజ్, గ్రాఫ్ట్, దాంతో పాటు ప్లేట్ స్క్రూలు. ఇక్కడ చిన్న పనితో సరిపెడదాం అనే నా రూల్ నేనే పక్కన పెడతాను, విరిగితే పోయేది తుంటి కీలు.

ఒకసారి గోకాక మళ్ళీ వచ్చింది: ముందు పాత బయాప్సీ స్లైడ్స్ ఇంకో పెథాలజిస్ట్‌కి చూపించండి. ఏబీసీయే అని మళ్ళీ తేలితే రెండోసారి గోకినా, ఇంజెక్షన్లకి మారినా మానే అవకాశం బాగానే ఉంది, మళ్ళీ వచ్చింది అనగానే ముక్క తీసేద్దాం అంటే ఆగి ఇంకొకర్ని అడగండి.

తర్వాత చూసుకోవాల్సింది

మళ్ళీ వచ్చేవి చాలావరకు మొదటి రెండేళ్ళ లోపే వస్తాయి, అందుకని ఆ రెండేళ్ళు మూడు నాలుగు నెలలకోసారి ఎక్స్‌రే మానొద్దు, నొప్పి లేకపోయినా మానొద్దు. ప్రతి ఎక్స్‌రే ఫోటో తేదీతో సహా ఒకే చోట దాచుకోండి, కొత్తగా కనిపించిన నల్లటి మచ్చ నిజంగా పెరుగుతోందా, పాత గ్రాఫ్ట్ కరుగుతోందా అనేది పాతవాటితో పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది, ఒక్క ఫిల్మ్ చూసి ఎవరూ చెప్పలేరు. ఆటలు ఎప్పుడు మొదలెట్టాలి అనేది కూడా క్యాలెండర్ చూసి కాకుండా ఎక్స్‌రేలో పెంకు ఎంత మందం పట్టిందో చూసి తేల్చుకోవాలి.

పిల్లలకి ఇంకో పని ఉంది. సిస్ట్ పోయాక కూడా గ్రోత్ ప్లేట్ దెబ్బ తిన్నదా అనేది వెంటనే తెలీదు, ఏడాది రెండేళ్ళకి ఒక కాలు కొంచెం పొట్టిగా, లేదా మోకాలు లోపలికి వంగినట్టు కనిపించడం మొదలవుతుంది. కాబట్టి ఎదుగుదల ఆగేదాకా రెండు కాళ్ళ పొడవూ కొలిపించండి, రెండు కాళ్ళూ నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా తీసే పొడవాటి ఎక్స్‌రే ఒకటి ఉంటుంది, దాన్ని ఏడాదికోసారి అడిగి తీయించుకుంటే చాలు, తేడా చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంటే రెండో కాలి ఎదుగుదలని కాస్త నెమ్మదింపజేసే చిన్న ప్లేట్లతో సరిచెయ్యొచ్చు, ఎదుగుదల అయిపోయాక అయితే ఎముక కోసి పొడిగించాల్సి వస్తుంది.